కుటుంబ లేఖల పరిరక్షణ: తీగ, చిరునామా, సంబోధన

ఇరవయ్యో శతాబ్ది మధ్య దశకాల్లో తెలుగు ఇళ్లకు వచ్చిన ఉత్తరాలను చదివిన తరువాత కొన వంచిన ఇనుప తీగకు గుచ్చి దూలానికో గోడ మేకుకో తగిలించేవారు. అడుగున ఉన్నది ముందు వచ్చిన ఉత్తరం, పైన ఉన్నది తరువాత వచ్చినది. తేదీ లేని కార్డుకు కూడా దాని కింద, పైన ఉన్నవాటిని బట్టి కాలం నిర్ణయించవచ్చు. అందువల్ల తీగ నుంచి తీయకముందే కట్టను ఫోటో తీసి, తీస్తున్నప్పుడు ప్రతి ఉత్తరం మూలన పెన్సిలుతో వరుస సంఖ్య వేయాలి. తుప్పు మరకలను గీకకూడదు. చిరుగులకు సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం కాగితానికి చెదపురుగు కంటే తక్కువ హాని చేయవు.

సాధారణంగా విషయం ఉన్న వైపును మాత్రమే స్కాన్ చేస్తుంటారు. చిరునామా వైపును వదిలితే ఏమి పోతుందో తెలియడానికి నేటి శ్రీసిటీ విస్తరించిన సత్యవేడు ప్రాంతమే మంచి ఉదాహరణ. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మారాయి. తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది. అంతవరకు చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి మళ్లీ మారింది. ఒకే ఇంటికి మూడు జిల్లాల పేర్లు! సూచీకరణలో అన్నింటినీ ‘తిరుపతి జిల్లా’గా సవరిస్తే ఆ కుటుంబం దాటకుండానే దాటిన సరిహద్దు కనిపించకుండా పోతుంది. మూలంలోని పేరును యథాతథంగా ఉంచి, నేటి పేరును వేరే గడిలో చేర్చాలి. 1960లో సరిహద్దు మారిన కొద్ది రోజుల ముందే ఉగాదితో శార్వరి మొదలైంది. శార్వరి నాటి ఉత్తరంపై ఇంకా ‘చెంగల్పట్టు’ అని ఉంటే అది రాసినవారి అలవాటు కావచ్చు. అలవాటు కూడా ఆధారమే. స్టాంపుల కోసం పిల్లలు కత్తిరించుకున్న కవర్లలో తపాలా ముద్ర పోతుంది గనుక, అలాంటి చోట సంవత్సర నామమే దిక్కు.

తీగపై లేని ఉత్తరాల సంగతి మరింత ముఖ్యమైనది. మరణవార్త తెచ్చిన ఉత్తరాన్ని చదవగానే చింపివేయడం ఆచారం. ఇంట్లో ఉంచుకోవడం అశుభం. శుభలేఖలు పసుపు మరకలతో నిలిచి ఉంటాయి, చావు కబుర్లు ఉండవు. ఆ ఖాళీని కొంతవరకు పూరించేది సంబోధన. ముత్తయిదువను ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని, భర్త పోయిన స్త్రీని ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని సంబోధించడం సంప్రదాయ కుటుంబాల లేఖల్లో మర్యాదగా ఉండేది. ఒకే స్త్రీ పేరు ముందు ఈ మాట మారిన రెండు ఉత్తరాల మధ్య, చినిగిపోయిన మూడో ఉత్తరం ఉంది. స్త్రీని భర్త ఉనికితో కొలిచిన ఆ మర్యాద నేటి పాఠకునికి కఠినంగా తోచడం సహజం. అయినా లేఖలను ముద్రించేటప్పుడు సంబోధనలను, ‘ఉభయకుశలోపరి’ వంటి పడికట్టు మాటలను మూసగా భావించి తొలగించే సంపాదకుడు, ఆమె జీవితంలోని అతి పెద్ద మార్పుకు మిగిలిన ఒక్క సాక్ష్యాన్ని తొలగిస్తున్నాడు.

ప్రచురణకు ముందు హక్కుల విచారణ తప్పదు. కాగితం అందుకున్నవారిది, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనపై హక్కు రాసినవారిది, వారి తరువాత వారసులది. కట్టను దాచిన ఇంటి అనుమతి ఒక్కటే చాలదు, ఉత్తరం రాసిన ఇంటి తలుపు కూడా తట్టాలి. అప్పులు, అనారోగ్యాలు, తెగిన సంబంధాలు ఉన్న ఉత్తరాలను చింపమని కుటుంబం కోరవచ్చు. వాటిని వేరే కవరులో ఉంచి, ఎంతకాలం మూసి ఉంచాలో వారిచేతనే పైన రాయించుకోవడం మేలు.