మార్జాలము – అపరాధపరిశోధనము

మార్జారశబ్దము శుద్ధ్యర్థకమైన మృజిధాతువునుండి పుట్టినది. పంజాను నాకి దానితో మొగము తుడుచుకొనుచు నెల్లప్పుడు శుచియై కనఁబడు జంతువునకు శాబ్దికు లొసఁగిన యీ పేరు మిక్కిలి తగియున్నది. రేఫలకారముల కభేదము చెప్పుటచే మార్జాలమనియు నందురు. బిడాలము, ఆఖుభుక్కు, వృషదంశకము, ఓతువు అనునవియు నమరసింహుఁడు చెప్పిన పర్యాయములే. వీనిలో నోతుశబ్దముపై వైయాకరణులకుఁ బ్రీతి మెండు. సమాసమున నకారమునకుఁ బరమైనపుడు దానికిఁ బరరూపము వికల్పమని వార్తికము విధించుటచే స్థూలోతువు, స్థూలౌతువు అను రెండును సాధువులే. బలిసిన పిల్లికి రెండు రూపములు కలుగుట వింత కాదు; తపస్వియొకటి, దొంగ యొకటి యని కథకులును జూపిరి. పాణిని 2-4-9 సూత్రమున శాశ్వతవిరోధము గల ప్రాణుల ద్వంద్వమున కేకవద్భావము విధింపఁగాఁ గాశిక మార్జారమూషకము నుదాహరించినది. వ్యాకరణమునఁ బగ యంతతో సిద్ధించినది. కాని పిల్లి చేసిన నేరమును గనిపెట్టుట యెట్లు? చేయని నేరమును మఱియొకనిపై మోపకుండుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలును వ్యాకరణమున కందవు. అవి కథలలోఁ జిక్కువడియున్నవి.

పాశ్చాత్యదేశములందు మార్జాలప్రీతి యెంతటిదనఁగా, 2002 మొదలు ఆగస్టు 8వ తేదీని అంతర్జాతీయ మార్జాలదినముగాఁ బాటించుచున్నారు. ఆ ప్రీతి సాహిత్యమున నొక ప్రత్యేకకథాజాతికిఁ గారణమైనది. చిన్నయూరు, ఒకరి నొకరెఱిఁగిన జనులు, రక్తపాతము తెరవెనుక జరుగును, పరిశోధకుఁడు రక్షకభటుఁడు గాక సామాన్యగృహస్థుఁడు, వాని యింట నొక పిల్లి. దీనికి సౌమ్యపరిశోధనకథ యని పేరిడవచ్చును. లిలియన్ జాక్సన్ బ్రాన్ అను నమెరికాదేశీయురాలు 1966లో నారంభించి 2007 వఱకు నిట్టి నవలలు 29 ప్రకటించెను. జపానున అకగావా జిరో 1978లో మూఁడువన్నెల పిల్లికి హోమ్సు అని పేరిడి నాయకత్వ మొసఁగెను. 1990లో రీటా మే బ్రౌన్ తన పెంపుడుపిల్లి పేరును సహకర్తగా ముఖపత్రముననే యచ్చువేయించినది. ఇది చమత్కారమే కాని శాస్త్రము కాదు. వీరందఱికంటె ముందు 1843లో ఎడ్గార్ ఆలన్ పో వ్రాసిన నల్లపిల్లి కథలో హంతకుఁడు భార్యకళేబరమును గోడలో నిడి పూడ్చును. ఎఱుఁగక పిల్లినిఁగూడ లోపలనే యుంచును. భటులు వచ్చినపుడు దాని యఱపే వానిని బట్టియిచ్చును.

బ్రాన్ కథలలోని కోకో యను సయాముపిల్లి మాటాడదు. అది యొక వస్తువును బడఁద్రోయును. ఒక చోటను గోఁకును. చూచిన మనుష్యుఁడు దానినుండి యర్థమును సాధించుకొనవలెను. తార్కికుల భాషలోఁ జెప్పవలెనన్న, పిల్లి లింగమును జూపును, పరామర్శము మనుష్యునిది. ఈ యుపాయము క్రొత్త కాదు.

మహాభారతము ఉద్యోగపర్వమున ఉలూకునిచే దుర్యోధనుఁడు ధర్మరాజునకుఁ జెప్పి పంపిన కథ యొకటి కలదు. గంగాతీరమున నొక మార్జాలము చేతులెత్తి తపస్సు చేయుచున్నట్లు నటించెను. మూషకములు నమ్మి దానిని మేనమామగా వరించి శరణుచొచ్చెను. వ్రతముచే డస్సితిననియు, దినదినము నదికిఁ గొనిపోవలెననియుఁ బిల్లి కోరెను. పిమ్మట మామ బలియుచుండెను, మూషకుల సంఖ్య తఱుఁగుచుండెను. డిండికుఁడను మూషకము పరీక్షింపఁబోయి తిరిగిరాలేదు. అపుడు వృద్ధమూషక మొకటి తీర్పుచెప్పెను: దేహము పెరుఁగుచున్నది, జనము తఱుఁగుచున్నది, డిండికుఁడు కొన్నినాళ్లుగాఁ గానరాఁడు, అన్నిఁటికంటె ముఖ్యముగా, ఫలమూలములు దినువాని పురీషమున రోమములుండవు, దీని పురీషమున నున్నవి. ఇందు మొదటి మూఁడును శంకకుఁ జాలును, నిశ్చయమునకుఁ జాలవు. నాల్గవది వ్యతిరేకవ్యాప్తిచే సిద్ధించిన సద్ధేతువు. నేఁటి నేరపరిశోధనశాలలలో వెండ్రుకను బరీక్షించు శాస్త్రజ్ఞునకు నీ ముసలియెలుక పూర్వాచార్యుఁడని చెప్పినఁ దప్పులేదు.

ఈ కపటతపస్వి శిలయందును నిలిచియున్నాఁడు. చిత్తూరు సీమకు దక్షిణముననున్న మామల్లపురమునఁ బల్లవులు ఏడవశతాబ్దమునఁ జెక్కించిన మహాశిలాఫలకమున, నొంటికాలిమీఁద నిలిచిన మునికి దిగువగా, నొక పిల్లి చేతులెత్తి నిలిచియుండఁగా మూషకములు చుట్టుఁజేరినవి. శిల్పి యచ్చటనే కథ నాపెను. పిల్లి నేర మింకను దొరకలేదు.

హితోపదేశమున దీనికి విపరీతమైన కథ కలదు. గ్రుడ్డియు వృద్ధుఁడునైన జరద్గవుఁడను గృధ్రము చెట్టుతొఱ్ఱలో నుండి, పక్షులు దయతోఁ బెట్టిన మేఁత దినుచు, వాని పిల్లలను గాచుచుండెను. దీర్ఘకర్ణమను పిల్లి చాంద్రాయణవ్రతమును జెప్పి నమ్మించి తొఱ్ఱలోఁ జోటు సంపాదించెను. పిల్లలను దిని యెముకల నచ్చటనే విడిచెను. విచారణ మొదలైనంతనే పాఱిపోయెను. పక్షులు వెదకి యెముకలను గనుఁగొని గృధ్రమును జంపెను. తెలియని కులశీలము గలవానికిఁ జోటీయఁదగదని యిందు నీతి చెప్పుదురు. ఆ నీతి కథాభారమును మోయఁజాలదు. జరద్గవునిఁ జంపినది పిల్లి గాదు, పక్షుల తొందర. తొఱ్ఱలో నెముకలుండుట యను హేతువు గృధ్రము దినినను గలుగును, అన్యుఁడు దిని పడవేసినను గలుగును, కనుక సవ్యభిచారము. ఎవరు వచ్చిపోయిరి, ఎవరిపుడు లేరు, చూపు లేని ముసలిగ్రద్ద పిల్లల నెట్లు పట్టును అను మూఁడు ప్రశ్నలలో నొక్కటైన నడిగినచో నొక నిరపరాధి బ్రదికియుండెడివాఁడు. హితోపదేశమును బాఠశాలలలోఁ జెప్పునపుడు నెముకలు దొరకిన తావునఁ గథ నాపి బాలుర నడుగుట మేలు.

పంచతంత్రమునఁ బిల్లి న్యాయాధిపతియే యగును. కుందేలును గపింజలమును నింటితగవు దీర్పుమని రాఁగా, ముసలితనమున చెవులు వినఁబడవని దగ్గఱకుఁ బిలిచి రెంటిని మ్రింగును. తెనాలి రామకృష్ణుని కథలో మాత్రము పిల్లి నిరపరాధి. వేఁడిపాలకు నోరు కాలిన పిల్లి పాలఁ జూచి పాఱిపోవును. దానికిఁ బాలు సహజముగా గిట్టవని చూచువారి యనుమానము. నోటి మచ్చ నిజము చెప్పును.

నేరమునకు సాక్షియు లేక, లింగమును దొరకనిచో నేమి చేయవలెను? ఈ ప్రశ్నకుఁ జిత్తూరు జిల్లా ఐరాలప్రాంతమున నొక యుత్తరము కలదు. ఐరాల మండలములోనిదగు కాణిపాకమున స్వయంభువగు వరసిద్ధివినాయకుని యెదుట సత్యప్రమాణము చేయించుట యాచారము. దొంగతనము మోపఁబడినవాఁడు స్నానముచేసి స్వామియెదుట ప్రమాణముచేసినఁ దగవు ముగియును. యాజ్ఞవల్క్యుఁడును లిఖితము, భుక్తి, సాక్షులు అను ప్రమాణములు లేనపుడే దివ్యమునకుఁ దావిచ్చెను. పక్షము లంగీకరించినచో నిట్టి ప్రమాణమునకుఁ గట్టువడు నవకాశము 1873వ సంవత్సరపు ప్రమాణశాసనమునఁ గూడ నుండెను. 1969వ సంవత్సరపు శాసనమున నది తొలఁగినది. అచ్చటి నదిని బాహుద యందురు. అన్న యాశ్రమమునఁ బండ్లు దిన్న లిఖితుఁడు తన తప్పును దానే సుద్యుమ్నరాజునకుఁ జెప్పికొని చేతులు పోఁగొట్టుకొనఁగా, నీనదిలో మునిఁగినంత మరల మొలిచెనని శాంతిపర్వకథను స్థానికు లన్వయింతురు. బాహువుల నిచ్చునది కావున బాహుద. ఈ కథలోఁ బరిశోధకునకుఁ బని లేదు. దొంగయే నిజము చెప్పెను.

అందఱును లిఖితులు గారు. ఐరాలసీమ చెఱకునకును బెల్లమునకును బేరుపొందిన జిల్లాలోనిది. ఇంట నుట్టిపైఁ గుండలోని బెల్లము తఱుఁగుచున్నచో ముందు నేరము మోపఁబడునది పిల్లియే. పిల్లిశాపములకు నుట్లు తెగవను సామెత యున్నను ఉట్టి తెగినచో నెవ్వరును నింకొకరి నడుగరు. త్రాడు కత్తితోఁ దెగెనా, గోళ్లతోఁ జిరిగెనా, పండ్లతోఁ గొఱుకఁబడెనా యని చూచువాఁడే పరిశోధకుఁడు. పిల్లికి మఱియొక సాక్ష్యమును గలదు. మార్జాలజాతికిఁ దీపిని గ్రహించు రసనావయవములోని రెండంశములలో నొకదాని జన్యువు చెడియున్నదనియు, నందుచే పిల్లికిని బులికిని దీపిరుచి తెలియదనియు 2005లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పాలున్న కుండయైనచో మాట వేఱు. పాలకొఱకుఁ బిల్లి నోరుపెట్టును. ఒట్టిబెల్లపుగడ్డలకు నది యుట్టి యెక్కదు. ఎలుక కటులు కాదు. దానికిఁ దీపి బాగుగాఁ దెలియును, త్రాడు గొఱుకుటయుఁ దెలియును. దానిని గాణిపాకమునకుఁ గొనిపోయి ప్రమాణము చేయింపవలసినచో, నెవ్వరియెదుటఁ జేయవలెనో యా స్వామికది వాహనము.