కబురు అందించని పరికరములు - కనిపెట్టు విధము

పాలకూర, కొత్తిమీర పండించి పాతబస్తీలోని మీరాలం మండికి పంపు రైతునకు ఒక్క తడి తప్పినను ఆకు వాడి ధర పడిపోవును. నేలలోని తేమను కొలిచి, తీగ లేకుండ రేడియో ద్వారా కబురు పంపు చిన్న పరికరములు నేడు లభించుచున్నవి. వీనిలో కొన్ని రకముల పలుకు ఎక్కువ దూరము పోదు. కనుక చివరి మడిలోని పరికరము తన కబురును ప్రక్కదానికి, అది తరువాతిదానికి అందించుచు మోటారు గదికి చేర్చును.

నడుమనున్న ఒకటి అందించుట మానినచో చివరి మడి ఎండుచున్నను మోటారు గదికి తెలియదు. కబురు రాలేదు గనుక తేమ చాలినంత యున్నదని తలచరాదు.

అందించకపోవుటకు కారణములు పలువిధములు. బ్యాటరీ దిగిపోవచ్చును, పెట్టెలో నీరు చేరవచ్చును, ఏపుగా పెరిగిన తడి ఆకు రేడియో పలుకును అణచవచ్చును. పలువురు రైతులు కలసి పెట్టుకొన్నచోట, తన బ్యాటరీ మిగులునని పొరుగువాని కబురు మోయకుండ అమర్చుకొనువాడును ఉండవచ్చును. ఇక బయటివాడు పెట్టిన పరికరము “నా మీదుగా దారి దగ్గర” అని చాటి, వచ్చిన కబురునెల్ల మ్రింగుటయు కలదు.

కాలువ వెంట నడచి తూములు చూచు నీరటివంటి ఉపాయము నొకదానిని 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సెర్జియో మార్టీ, మరి ముగ్గురు ప్రకటించిరి. కబురు నిచ్చిన పరికరమే, పొరుగుది దానిని తిరిగి పలికెనా అని చెవియొగ్గి వినును. తప్పులు ఒక మితిని మించినచో ఆ దారి విడచి వేరు దారి పట్టును. కదలాడు పరికరములపై కంప్యూటరులో వేసిన లెక్కలో, నూటికి 40 పరికరములు చెడుగా నడచినను చేరిన కబుర్లు నూటికి 17 వంతున పెరిగినవి. అయితే దారి వెదకుటకై చేయు అదనపు పలుకులు నూటికి 9 నుండి 17కు పెరిగినవి. ఈ ఖర్చు బ్యాటరీపైననే పడును.

ఇందొక లోపమున్నది. పూడికతీతకు రాని రైతునకును నీరు వదలినట్లు, మోయని పరికరమునకు బరువు తప్పును, దాని కబురు మాత్రము యథావిధిగా సాగును. అందుచే 2002లో బుషెగర్, లె బుడెక్ అను పరిశోధకులు అట్టిదాని కబురును కూడ ఇతరులు మోయకుండునట్లు వేరొక పద్ధతి చెప్పిరి. పొలమునకు ఇది కఠినమని మా అభిప్రాయము. రెండు పలుకులు ఒకేసారి ఢీకొన్నచో పొరుగుది పలికినను వినబడదు. నిర్దోషిపై నింద పడును.

కనుక ప్రతి పరికరమునకు కనీసము రెండు పొరుగు పరికరములు అందునట్లు పాతవలెను. పైరు పెరిగినకొలది యాంటెన్నాను ఆకుకు పైగా లేపవలెను. ఏ పరికరము నుండి ఎన్ని కబుర్లు వచ్చినవో రోజూ చూడవలెను. ఒక మడి కబురు ఆగినచో మట్టిని చేత పిసికి చూచి, ఆరినచో వెంటనే తడి యిచ్చి, అటుపిమ్మట బ్యాటరీ పరీక్షింపవలెను.