నల్లపొడి

మా అశోక్‌నగర్‌లో పొద్దెక్కిందని తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు. పుస్తకాల సంచులతో పిల్లలు చిక్కడపల్లి గ్రంథాలయానికి బయలుదేరుతారు. అన్నం తరువాత వాళ్ళకు కావలసింది జిరాక్సు. అందుకే సందుకొక కొట్టు!

మొన్న మా మేనల్లుడి నోట్సుకు నకళ్ళు తీయించడానికి అలాంటి కొట్టుకు వెళ్ళాను. గదికి కిటికీ లేదు. కుర్రవాడు యంత్రం తెరిచి, సీసాలోని నల్లపొడి పోస్తున్నాడు. ఒలికినదాన్ని ఉఫ్‌మని ఊది, దగ్గి, ముక్కు తుడుచుకున్నాడు. జేబురుమాలుకు కాటుక అంటినట్లయింది.

"ఏమిటి బాబూ, ఆ దగ్గు?"

"ఏం గాదు సార్, సిరానే గదా! అలవాటైంది."

పగలు కొట్టులో పని, రాత్రి గ్రూప్స్ చదువు అట.

అది సిరా కాదు, చాలవరకు ప్లాస్టిక్. 1938 అక్టోబరు 22న న్యూయార్కులో చెస్టర్ కార్ల్‌సన్ మొదటి నకలు తీసినప్పుడు మొక్కల నుంచి వచ్చే పొడి వాడాడు. నేటి టోనరు ప్లాస్టిక్ పొడి; నలుపుకు మసి కలుపుతారు. వేడి రోలరు దాన్ని కరిగించి కాగితానికి అంటిస్తుంది. చాలా టోనర్లలోని ప్లాస్టిక్‌కు ముడిసరుకు స్టైరీన్. 2020 మే 7న విశాఖపట్నం ఎల్.జి. పాలిమర్స్ నుంచి ఆవిరై వెలువడి 12 మందిని బలిగొన్నది అదే. అది ఆవిరి, ఇది గట్టిపడిన పొడి. రెండింటినీ ఒక గాట కట్టరాదు. అయినా ధూళి ధూళే! మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులైతే, ఈ రేణువు 5 నుంచి 10. కరిగేటప్పుడు లేచే కణాలు ఇంకా సూక్ష్మం. అవి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి.

ధూళిని పుట్టినచోటనే పట్టి బయటికి పంపాలని 2025 దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను చెప్పేది. ఇద్దరు పనిచేసే కొట్టు ఫ్యాక్టరీ కాదు గదా! అక్కడ తడిగుడ్డే చట్టం. పొడిని ఊదరాదు, చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో అద్దాలి. చేతులు చన్నీళ్ళతోనే కడగాలి. వేణ్ణీళ్ళకు ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటుంది. పొడి పోసేటప్పుడు ఎన్-95 మాస్కు ఉండాలి. అన్నిటికన్న ముఖ్యం, గాలి పోయే దారి.

నారాయణగూడలో మాస్కులు కొని తెచ్చి ఇచ్చి, ఇదంతా చెప్పాను. కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు.

"ఫ్యాను సంగతి మీరే ఓనరుకు చెప్పుండ్రి సార్. నేను చెప్తే పని బోతది."

చెప్పాను. "చూద్దాం లెండి" అన్నారాయన.

రూపాయో రెండో ఇచ్చి నకలు తీసుకొనే మనం, ఆ మాట ఇంకోసారి అడిగితే మన పని పోదు. రేపు మళ్ళీ వెళుతున్నాను.