ప్లాస్టిక్ బొమ్మకు రంగు వేయుట

కొండపల్లి పనివాడు తెల్ల పొణికి కొయ్యను చెక్కిన వెంటనే రంగు పూయడు. ముందుగా సున్నపుపూత వేయును. ప్లాస్టిక్ బొమ్మకును ఈ నియమమే వర్తించును. కొయ్య కొంతయైనను రంగును పీల్చును, ప్లాస్టిక్ పీల్చదు. పైగా అచ్చునుండి సులభముగా ఊడివచ్చుటకై పూసిన జిడ్డు దానిపై మిగిలియుండవచ్చును.

కావున బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది, పొడిని తుడువవలెను; నునుపు తగ్గినచో రంగునకు పట్టు దొరకును. పిదప ప్రైమరు అను తొలిపూతను పలుచగా వేయవలెను. అది ఆరిన పిమ్మట ఆక్రిలిక్ రంగును రెండు మూడు పలుచని పూతలుగా వేయవలెను. దట్టపుపూత బొమ్మ కనుముక్కు తీరును కప్పివేయును.

ఇట్టి బొమ్మను నోట పెట్టుకొను పసిపిల్లల కీయరాదు. తొందరపడి తొలిపూతను మానినచో గోటిగీతకే రంగు పెచ్చులూడును. కంటికి కనబడని ఆ పూతయే పై అందమును నిలుపును.