వోటు వేరైనా పొయ్యి ఒక్కటే

రాజకీయాలు వీధిలో ఉన్నంతవరకు కాలక్షేపం. గడప దాటి లోపలికి వచ్చాయా, తంటానే! ఈ సంగతి శాలిబండవారికి వేరే చెప్పనక్కరలేదు. 1952లో ఆ పేరుతో శాసనసభ నియోజకవర్గమే ఉండేది. మాసూమా బేగం గెలిచింది అక్కడినుంచే.

1955లో ఫజల్ ఆలీ సంఘం తెలంగాణాను కొంతకాలం విడిగా ఉంచమన్నది. హైదరాబాదు శాసనసభలో 147 మంది తమ అభిప్రాయం చెబితే, 103 మంది విశాలాంధ్ర కావాలన్నారు. 29 మంది వద్దన్నారు. 15 మంది తటస్థంగా ఉండిపోయారు. సభలోనే ఇన్ని మాటలైతే, ఇంట్లో ఒకే మాట ఎక్కడినుంచి వస్తుంది?

1956లో కలిశాం, 1969లో ఉద్యమం రేగింది, 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి. హద్దులు మారాయిగాని వియ్యాలు చెరగలేదు. గుంటూరు కోడలు, శాలిబండ మామగారు ఒకే కప్పు కింద ఉండవలసిందే.

కనుక వాదించుకోండి, తప్పులేదు. కాని, "మీవాళ్లంతా ఇంతే" అనకండి. ఆ "వాళ్ల"లో కోడలి కన్నతల్లి కూడా ఉంది. వోటు ఎవరికి వేశావని నిలదీయకండి; అది రహస్యమని చట్టమే అంటున్నది. మాట తూలితే, "పోనీలే అమ్మాయ్, కాస్త చాయ్ పెట్టు" అనడంలో మామగారికి చిన్నతనం లేదు.

ఎన్నికలు అయిదేళ్లకొకసారి వస్తాయి. మామగారి మందుల వేళ రోజూ వస్తుంది. అవి అందించేది ఆ కోడలే!