ఒకే పేరు, రెండు యంత్రములు

అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట మా కార్యాలయమునకు వచ్చిన తలిదండ్రులు పలువురు ఒకే ప్రశ్న అడిగిరి. లెక్కలలో మంచి మార్కులు వచ్చినవని ఉపాధ్యాయుడు చెప్పగా, పట్టికలో ఆ గడి ఖాళీగా ఉన్నదేమని. తప్పు పిల్లలది కాదు, ఉపాధ్యాయునిది కాదు. మా కంప్యూటరు గదిలో రెండు యంత్రములకు ఒకే పేరుండుట వలన కలిగిన పొరపాటది. పట్టికలను సరిచేసి మరల ఇచ్చితిమి. అయినను ఇట్లేల జరిగినదో తెలుపుట మా విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇంటనో, దుకాణమునందో రెండు మూడు కంప్యూటర్లు గలవారికిది ఉపకరింపవచ్చును.

మన ప్రాంతమున సమాన నామములకు కొదువ లేదు. హుమ్నాబాదు చెంత మాణిక్‌నగరమున మాణిక్ ప్రభువు సమాధి ఉండుటచే మాణిక్ అను పేరు ఇచట తరచు వినబడును. హాజరు పిలుచునపుడు ఇద్దరు లేచి పలికినచో, ఇంటిపేరో ఊరిపేరో చేర్చి వేరుచేయుదుము. నగరములకు సైతము ఈ చిక్కు తప్పలేదు. 1956 నవంబరు 1కి పూర్వము మన బీదరు జిల్లా ఏ హైదరాబాదు రాష్ట్రమున ఉండెనో, ఆ హైదరాబాదు పేరుగల నగరము సింధులోను కలదు. నాంపల్లి స్టేషను పేరులో 'దక్కను' అను మాట నేటికిని నిలిచియున్నది.

యంత్రమునకు ఇంటిపేరు తెలియదు. విండోస్ కంప్యూటర్లలో ఒకదానినొకటి పేరు పెట్టి పిలుచుకొనుటకు నెట్‌బయాస్ అను పాత ఏర్పాటు కలదు. దానిని 1983లో ఐబీఎం వారి కొరకు సైటెక్ అను కంపెనీ రూపొందించెను. ఇంటర్నెట్ పద్ధతితో దానిని జోడించు నియమములు 1987లో వెలువడినవి. ఆ ప్రకారము కంప్యూటరు మేల్కొనగానే, "ఫలానా పేరు నేను పెట్టుకొనుచున్నాను, ఎవరికైన అభ్యంతరమా?" అని నెట్‌వర్కులోని అందరికి వినబడునట్లు పావు సెకను వ్యవధితో మూడు మారులు కేక వేయును. ఎవరును పలుకనిచో పేరు దానిదే. ఆ పేరు ముందే మరియొకదానికున్నచో అది "నాది" అని బదులిచ్చును. వెనుక వచ్చినదాని తెరపై హెచ్చరిక కనబడును. ఆ రెండవ యంత్రము ఆగిపోదు. కాని ఆ పేరుతో పిలిచినపుడు మొదటిదే పలుకును. ఉదయమున ఏ మీట ముందు నొక్కబడెనో పేరు దానిదన్నమాట.

మాకు దాతలిచ్చిన కంప్యూటర్లను సిద్ధపరచినవారు, ఒకదానిలో సమస్తము అమర్చి దాని డిస్కును తక్కినవానిలోనికి నకలు తీసిరి. శ్రమ తగ్గినది గాని పేరు కూడ నకలైనది. తరువాత పేరులు మార్చునపుడు రెండు యంత్రములు మిగిలిపోయినవి. లెక్కల ఉపాధ్యాయుడు ఒకదానిలో మార్కులెక్కించెను. కార్యాలయము నుండి పేరు పెట్టి పిలువగా వేరొకటి పలికెను. నకలగుటచే దానిలోను అదే ఫోల్డరు, అదే పట్టిక, అంకెలు మాత్రము లేవు. ఎవరికిని అనుమానము కలుగలేదు. హెచ్చరికను చూచిన పిల్లలు దానిని మూసివేయుటకు అలవాటుపడిరి. మేమును వారినడుగలేదు.

ఇట్టి తగవును కనుగొనుటకు కమాండ్ ప్రాంప్టులో 'ఎన్‌బీటీస్టాట్' అని, కొంచెము ఎడము విడిచి, అడ్డగీతతో 'ఎన్' అను అక్షరమును టైపు చేయవలెను. పేరునకెదురుగా 'రిజిస్టర్డ్' అని ఉన్నచో చింత లేదు. 'కాన్‌ఫ్లిక్ట్' అని ఉన్నచో తగవున్నదని అర్థము. ఈవెంట్ వ్యూయరులో 4319 సంఖ్య గల నమోదు యొక్క వివరములలో ఎదిరి యంత్రపు ఐపీ చిరునామా దొరకును. పిమ్మట ఒకదాని పేరు మార్చి, యంత్రమును ఆపి మరల నడుపవలెను.

ఇంతవరకు సులువే. మేమట్లే చేసి, ఊరిమీది అభిమానముతో 'మన్నాఏఖేళ్ళి-ల్యాబ్-1', 'మన్నాఏఖేళ్ళి-ల్యాబ్-2' అని ఆంగ్లాక్షరములలో పేరులు పెట్టితిమి. హెచ్చరిక మరల ప్రత్యక్షమయ్యెను! నెట్‌బయాస్ పేరునకు చెల్లునవి పదునైదు అక్షరములే. పదునారవ స్థానము ఆ యంత్రము చేయు సేవను తెలుపు గుర్తునకు కేటాయింపబడినది. మన ఊరి పేరే ఆంగ్లమున పన్నెండు అక్షరములు. అడ్డగీతతో పదమూడు, 'ల్యాబ్' లోని మొదటి రెండక్షరములతో పదునైదు నిండినవి. వేరుపాటు చూపవలసిన అంకెలే తెగిపోయినవి. పేరు కుదింపబడునని తెర ముందే చెప్పెను. చదువక 'ఓకే' నొక్కినవారము మేమే. ప్రశ్నను కడవరకు చదువుడని పిల్లలకు దినదినము బోధించువారము! అంకెను ముందునకు తెచ్చి 'ల్యాబ్1-మన్నా', 'ల్యాబ్2-మన్నా' అని మార్చిన పిదప తగవు తీరినది. తెలుగువారు ఇంటిపేరును ముందుంచుట ఈ విషయమునను మేలే.

దుకాణదారులు మరి రెండు సంగతులు గమనింపవలెను. వర్క్‌గ్రూపునకు పెట్టిన పేరునే కంప్యూటరునకు పెట్టరాదు. ఒకే ల్యాప్‌టాప్ తీగతోను, వైఫైతోను ఒకే నెట్‌వర్కునకు కలిసియున్నచో కొన్నిమారులు తన పేరునకు తానే పోటీ వచ్చును. తీగనో వైఫైనో తొలగించి చూడవలెను. ఐపీ చిరునామాల తగవు దీనికంటె వేరు; పేరు మార్చిన అది పోదు.

ఇప్పుడు ప్రతి యంత్రము నుదుటను దాని పేరు గల చీటి అంటించితిమి. ఆ పేరులన్నియు కార్యాలయమున ఒక పుస్తకమున వ్రాసియుంచితిమి. లెక్కల గడి ఖాళీగా నున్న పాత పట్టిక ఇంకను మీవద్ద ఉన్నచో, దయచేసి తెచ్చి క్రొత్తది తీసికొని పొండు.