బోర్డు మీద నంబరు ఏది?

మా ఇంటామె నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. పొద్దంతా ఒక్క తీరుగ కూర్చోవాలె. నాకు మగ్గం కాడ నిలబడి నిలబడి కాళ్ళు పోయినయి, ఆమెకు కూర్చొని కూర్చొని పోయినయి. సోలాపూర్ పూర్వభాగంలో ఏ ఇంటికి పోయినా ఇదే కథ గనుక దీన్ని పెద్దగ చెప్పేది లేదు. చెప్పవలసింది తర్వాత జరిగిన ముచ్చట.

రెండేండ్ల కింద మోకాళ్ళ నొప్పి ఎక్కువై, మా గల్లీ మూలమీద ఉన్న డాక్టరు దగ్గరికి నేనే తీసుకపోయిన. ఆకుపచ్చ పరదా, ఒక బల్ల, ఎప్పుడూ పదిమంది జనం. మన తెలుగే మాట్లాడుతడు. "ఏం అక్కా, మోకాళ్ళేనా? కూర్చో" అని నవ్వుకుంట అంటడు. ఒక సూది, కాగితం పుడకలో నాలుగు తీర్ల గోలీలు, 60 రూపాయలు. లేకుంటే ఉద్దర కూడా పెడతడు. తెల్లారి మా ఆమె లేచి బిందె ఎత్తుకొని మెట్లెక్కింది. "హస్తవాసి ఉన్న మనిషి" అని నేను నలుగురికి చెప్పిన. నా మాట మీద మా వదినె పోయింది, పక్కింటాయన పోయిండు. ఇప్పుడు తల్చుకుంటే అదే నాకు ఎక్కువ బాధ.

నెలకు రెండుసార్లు సూది, రోజూ గోలీలు. ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగ అయింది. కరీంనగర్ నుంచి వచ్చిన చుట్టాలు చూసి "మంచిగ ఒళ్ళు చేసినవు" అని సంతోషపడ్డరు. ఆ ఏడు రాఖీ పున్నమ నాడు మార్కండేయ రథం చూడబోయి, గుంపులో కాలికి రాయి గీసుకున్నది. చిన్న గీత. రెండు నెలలు అయినా మానలేదు. చీము పట్టింది.

అప్పుడు సివిల్‌కి తీసుకపోయినం. అక్కడ ఒక పడుచు డాక్టరమ్మ పుండు చూసి, ముఖం చూసి, చర్మం మీది నల్లటి మచ్చలు చూసి, "ఏం గోలీలు మింగుతున్నరు?" అని అడిగింది. నేను జేబులోంచి పుడక తీసిచ్చిన. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. "ఇచ్చిన డాక్టరు ఏం చదివిండు?" అన్నది.

ఆయన ఇంటిపేరు నాకు తెలుసు. అత్తగారి ఊరు తెలుసు. ఏ పేఠలో కిరాయికి ఉంటడో తెలుసు, బిడ్డ పెండ్లికి ఎంత ఖర్చు పెట్టిండో కూడా తెలుసు. ఏం చదివిండో తెలువది. ఆ బల్ల ముందు తల వంచుకొని నిలబడ్డ.

రక్తం తీస్తే షుగర్ 300 దాటి ఉన్నది. ఆ గోలీలలో స్టెరాయిడ్ ఉండి ఉంటదని డాక్టరమ్మ చెప్పింది. అది చెడ్డ మందేం కాదట, దమ్ముకు, కొన్ని రోగాలకు ప్రాణం నిలబెడతదట. కానీ నొప్పి నొప్పికి నెలల తరబడి మింగితే షుగర్, బీపీ పెరుగుతయి, ఎముకలు గుల్లబారుతయి, పుండ్లు మానవు, ముఖం ఉబ్బుతది. నేను కోపంతో "ఇయ్యాల్నే బంద్ చేయిస్త" అన్న. ఆమె చెయ్యి ఊపి వద్దన్నది. చాన్నాళ్ళు మింగినోళ్ళ ఒంట్లో సొంతంగ తయారయ్యేది నిద్రపోతదట. ఒక్కసారే ఆపితే మనిషి కుప్పకూలొచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టరు చూస్తుండంగ కొద్దికొద్దిగ తగ్గించాలె. ఈ మాట చదివేటోళ్ళు గుర్తు పెట్టుకోండి. మీ ఇంట్ల ఎవరన్నా ఇట్లాంటి పుడకలు మింగుతుంటే, నా రాత చదివి రాత్రికి రాత్రి పారేయకండి. పుడక పట్టుకొని పెద్ద దవాఖానాకు పోండి.

ఇంటికొచ్చినంక మా మనుమరాలు, పన్నెండో తరగతి సైన్స్ చదువుతది, "తాతా, డాక్టర్లకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటది, ఫోన్‌లో చూడొచ్చు" అన్నది. మరునాడు పోయి బోర్డు చూసిన. పేరు కింద మూడు వరుసల ఇంగ్లీషు అక్షరాలు ఉన్నయి గాని, నంబరు లేదు. లోపలికి పోయి అడిగిన. "ఇన్నేండ్ల నుంచి వస్తున్నవు, ఇప్పుడు నంబరు అడుగుతున్నవా కాకా?" అన్నడు. నాకు సిగ్గేసింది, నిజంగనే సిగ్గేసింది. అయినా కదలలేదు. చివరికి ఒక చీటీ మీద నంబరు రాసిచ్చిండు. మనుమరాలు ఫోన్‌లో కొడితే ఆ నంబరు మీద ఇంకెవరిదో పేరు వచ్చింది. స్పెల్లింగ్ తప్పేమో అని మూడు తీర్ల కొట్టి చూసింది. అదే పేరు.

ఇక ఆ పిల్ల, నేను కలిసి తెలుసుకున్నది చెప్తా. డాక్టరన్నవాడు తన రిజిస్ట్రేషన్ నంబరు దవాఖానాలో కనబడేటట్టు పెట్టాలె, మందుల చీటీ మీద, రసీదు మీద కూడా వేయాలె. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలలో ఇది ఉన్నది. కాబట్టి అడగడం అవమానం చేసినట్టు కాదు. ఎంబీబీఎస్ చదివినోళ్ళ పేర్లు మన దగ్గర మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పుస్తకంలో ఉంటయి, ఐదేండ్లకోసారి తిరిగి రాయించుకోవాలె. దేశం మొత్తం డాక్టర్ల పట్టిక నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్నది. పాత మెడికల్ కౌన్సిల్ జాగాలో 2020లో వచ్చింది ఈ కమిషన్. అందులో పేరు కొట్టి, నంబరు కొట్టి, ఏ రాష్ట్రం కౌన్సిలో చూడాలె. ఒకే నంబరు మహారాష్ట్రలో ఒకరికి, తెలంగాణలో ఇంకొకరికి ఉండొచ్చు, అందుకని నంబరు ఒక్కటి కలిస్తే సరిపోదు. ఈ మధ్య మహారాష్ట్ర కౌన్సిల్ వాళ్ళు క్యూఆర్ కోడ్ కూడా తెచ్చిండ్రు, చాయ్ బండి కాడ పైసలు కట్టినట్టే ఫోన్ చూపిస్తే డాక్టరు వివరాలు వస్తయి.

ఆయుర్వేదం చదివినోళ్ళు బీఏఎంఎస్, హోమియోపతి వాళ్ళు బీహెచ్ఎంఎస్. వాళ్ళకు వేరే కౌన్సిళ్ళు ఉన్నయి. వాళ్ళను దొంగ డాక్టర్లు అనకూడదు, వాళ్ళవీ ఐదున్నర ఏండ్ల చదువులే. ఎవరు ఏ మందు ఇవ్వాలనేదే తగువు. 1996లో సుప్రీం కోర్టు దాకా పోయిన ముంబయి కేసు ఒకటి ఉన్నది. హోమియోపతి చదివిన డాక్టరు జ్వరానికి ఇంగ్లీషు మందులిచ్చిండు, మనిషి చనిపోయిండు. భార్య కొట్లాడింది. తనకు చదువు లేని పద్ధతిలో వైద్యం చేసినోడు నకిలీ వైద్యుడి కిందికే వస్తడని కోర్టు చెప్పి, 3 లక్షలు ఇప్పించింది. ఆ తర్వాత 2014లో మన రాష్ట్రంలో ఏడాది కోర్సు చదివిన హోమియోపతి వాళ్ళకు కొన్ని మందులు రాసే వీలు కల్పించిండ్రు. దాని మీద డాక్టర్ల లొల్లి ఇంకా నడుస్తనే ఉన్నది. మనకు కావలసింది ఒక్కటే, ఎదురుగ కూర్చున్నాయన ఏం చదివిండో మనకు తెలిసి ఉండాలె.

మన ఊర్లల్ల ఆర్‌ఎంపీ అంటరు. ఆ అక్షరాలకు అర్థం రిజిస్టర్ అయిన వైద్యుడని. ఊర్లల్ల ఆ పేరుతోటి తిరిగేటోళ్ళలో ఎందరి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు! ఇది విని మా బావమరిది నవ్వలేదు, వాళ్ళ ఊర్ల ఆయనే దిక్కు.

ఫిర్యాదు ముచ్చట. మహానగరపాలికలో బోగస్ డాక్టర్లను వెతికే సమితి ఉంటది, ఆరోగ్య శాఖలో అర్జీ ఇవ్వొచ్చు. రిజిస్టర్‌లో పేరు లేకుండ ఇంగ్లీషు వైద్యం చేస్తే కొత్త చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జుర్మానా. నేను అర్జీ రాయాలంటే పదిహేను రోజులు పట్టింది. "మనోడే కదా, పొట్ట కొడతవా?" అన్నరు. "రాత్రి పన్నెండు గంటలకు తలుపు కొడితే లేచేది ఆయనే" అన్నరు. అది అబద్ధం కూడా కాదు. మా వదినె ఇప్పటికీ నాతోటి సరిగ్గ మాట్లాడది. అర్జీ ఇచ్చినంక కొన్నాళ్ళకు పరదా, బోర్డు రెండూ మాయమైనయి. ఆయన ఎటు పోయిండో, మళ్ళా ఏ గల్లీలో బల్ల వేసిండో ఎరుకలేదు.

మరి ఎవరి దగ్గరికి పోవాలె? గిరణీలు నడిచిన కాలంలో మనకు ఈఎస్ఐ ప్యానెల్ డాక్టరు ఉంటుండె. పగారులోంచి కోసుకునేటోళ్ళు, కార్డు పట్టుకొని పోతే చూసేటోడు. మా ప్యానెల్ డాక్టరు మొట్టమొదట అడిగేది "ఏ ఖాతా?" అని. బ్లోరూమ్, కార్డింగ్ ఖాతాల వాళ్ళకు దూది దుమ్ముతో ఛాతి పట్టేస్తది. సుట్టీ అయినంక సోమవారం పనికెక్కిన నాడే ఎక్కువ. ఆ సంగతి తెలిసిన డాక్టరు వారం అడుగుతడు, తెలువనోడు దగ్గు మందు రాస్తడు. గిరణీలు మూతపడినయి, మేము పవర్‌లూమ్ షెడ్లల్ల పడ్డం, చానామందికి కార్డు పోయింది. కార్డు ఉండి రిటైర్ అయినోళ్ళు మాత్రం ఒక పని చేయండి. ఈఎస్ఐ కింద ఐదేండ్లు పైబడి పని చేసి వయసు మీద రిటైర్ అయితే, ఏడాదికి 120 రూపాయలు కట్టి ఆలుమగలిద్దరు వైద్యం పొందొచ్చు. ఇది తెలువక ఎందరు వదిలేసిండ్రో.

మేము ముగ్గురు డాక్టర్లను చూసినం. మొదటాయన బోర్డు మీద అన్నీ ఉన్నయి, నంబరు కలిసింది, కానీ మా ఆమె నోరు తెరిచేలోపు ఐదు పరీక్షలు రాసిండు. రెండో దగ్గర గోడ నిండా ఫ్రేములు. మనుమరాలు దగ్గరికి పోయి చదివితే సగం శిబిరాలకు హాజరైన కాగితాలే. మూడో ఆమె అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు. ఎంబీబీఎస్, ఆపైన ఫ్యామిలీ మెడిసిన్ చదివింది. అంటే పిల్లల నుంచి ముసలోళ్ళ దాకా ఇంటిల్లిపాదిని చూసే చదువు, అట్లాంటిది ఉంటదని నాకు అప్పటిదాకా తెలువదు. నేను భయపడుకుంట "మేడం, మీ నంబరు..." అన్న. ఆమె నవ్వి, గోడ మీద ఉన్న కాగితం చూపించి, "ఫోన్‌లో కొట్టి చూసుకోండి బాబా, అందరూ ఇట్లనే అడగాలె" అన్నది. పేరు, కౌన్సిల్, ఏడు అన్నీ కలిసినయి. మా ఆమెను ఎన్ని బీడీలు చుట్టేది, ఎట్ల కూర్చునేది అని అడిగింది. మందుల పేర్లు ఒక్కొక్కటి విడివిడిగ రాసింది. తన చేత కానిదానికి ఎక్కడికి పంపుతదో ముందే చెప్పింది. తెలుగు రాదు ఆమెకు, మరాఠీ. మా ఆమె మొదట్ల దానికే మొరాయించింది. ఫీజు కూడా గల్లీ డాక్టరు కన్నా మూడింతలు. అది కట్టలేనోళ్ళకు నగరపాలిక దవాఖానాలు ఉన్నయి, సివిల్ ఉన్నది. క్యూలో నిలబడాలె, నిలబడడం మనకు కొత్త కాదు.

చైనాకు పోయి అక్కడి సైనికులకు వైద్యం చేసి 1942లో ప్రాణం విడిచిన డాక్టర్ కోట్నీస్ పుట్టింది ఈ సోలాపూర్‌లోనే, 1910లో. ఊర్లో ఆయన స్మారకం ఉన్నది. చుట్టాలొస్తే తీసుకపోయి చూపిస్తం.

మా ఆమె కాలి పుండు ఆరు నెలలకు మానింది. ముఖం వాపు దిగుతున్నది. మోకాళ్ళ నొప్పి తిరిగొచ్చింది, కొన్నిసార్లు రాత్రి లేచి కూర్చొని "ఆ సూది ఒక్కటి ఉంటే బాగుండు" అంటది. గోలీ ఇప్పుడు సగానికి వచ్చింది, వచ్చే నెల మళ్ళా రక్తం చూసి ఇంకో పావు తగ్గిస్తామన్నరు.